మా బావ ఏరి తెచ్చిన కొండ సైకిలు

మా బావ గిరిప్రసాద్‌కు వస్తువు కొనడం చేతకాదు. ఎంచడం ఒక్కటే చేతనవును. కొనడమంటే ఏముంది, అంగడికి పోయి కావలసింది చూపించి, తీసుకుని ఇంటికి రావడం. అంత మామూలు పని మా బావలాంటి తెలివిగలవాడు చేస్తాడా? ఏ కంపెనీ మంచిది, ఆ కంపెనీ ఏ ఊళ్లో పుట్టింది, ఎవరింట్లో దాని సరుకు ఎన్నాళ్లు నడిచింది, ఎవరింట్లో మూలబడింది, ఇవన్నీ ఆయన ముందు తెలుసుకోవాలి. తెలుసుకున్నవన్నీ నలుగురికీ చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ నలుగురూ తల ఊపారా లేదా చూసుకోవాలి. ఒక్కడు ఊపకపోయినా మళ్లీ మొదటికి రావాలి.

ఆయనది కార్వేటినగరంలో గుమాస్తా ఉద్యోగం. ఆఫీసులో ఆయన చేసే పని ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, ఇంట్లో చేసేది మాత్రం బాగా తెలుసు. ఫ్యాను కొనాలనుకున్న ఎండాకాలం ఆ ఇంట్లోవాళ్లంతా ఫ్యాన్ల గురించి మాట్లాడుకుంటూ విసనకర్రలతో విసురుకున్నారు. ఫ్యాను వచ్చేసరికి వానలు పడ్డాయి. ప్రెషర్ కుక్కరు ఎంచుతూ ఉండగా ఆయన తల్లి సుబ్బులమ్మ, ఇక ఈ జన్మకు విజిలు వినే రాత లేదని కొత్త సత్తు గిన్నె తెప్పించుకుంది. టార్చిలైటు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఏది కొనాలో ఆయన తేల్చుకునేలోపు వాళ్ల వీధిలో కరెంటు స్తంభాలు పాతి దీపాలు కూడా వేసేశారు. అయినా సరే, తేల్చుకున్నాడు కాబట్టి కొన్నాడు.

మా అక్క యశోదను చూసుకోవడానికి వచ్చినప్పుడూ ఇదే వరస. చిత్తూరు వైపు ఒక పిల్లనూ పుత్తూరు వైపు ఒక పిల్లనూ చూసి, తిరుపతిలో మా ఇంటికి వచ్చి, ఉప్మా రెండుసార్లు పెట్టించుకుని తిని, ఆలోచించి చెప్తామని వెళ్లిపోయారు. ఆలోచన ఎంతకీ తెమల్లేదు. మా నాయన వేరే సంబంధం మాట్లాడుతున్నాడని ఎవరో చెవిన వేశాక మా బావ రేణిగుంట పాసింజరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా అక్కలాంటి మనిషి దొరకడం తన ఎంపిక గొప్పతనమేనని ఆయన నమ్మకం. నాకు మాత్రం మా నాయన తొందరపడ్డాడని కోపం.

మా అక్క గవర్నమెంటు నర్సు. ఆసుపత్రిలో ఫ్యాను కింద కూర్చునే నర్సు కాదు, పల్లెలు తిరిగే నర్సు. బుధవారం పొద్దున్నే ఆసుపత్రిలో టీకా మందులు తీసుకుని, రెండే రెండు ఐసు ప్యాకెట్లు పట్టే చిన్న పెట్టెలో పెట్టుకుని బయలుదేరుతుంది. మొదటి రెండు పల్లెలూ బస్సు దారిలోనే ఉన్నాయి. మూడోది ఎర్రమిట్ట కండ్రిగ. బస్సు దిగి, ఇసుకలో కొంతదూరం, గులకరాళ్ల మిట్ట మీద కొంతదూరం నడిచి పోవాలి. మొదటి రెండు పల్లెల్లో పెట్టె తీసి మూసి, తీసి మూసి, ఎండలో మిట్టెక్కి ఆ ఊరు చేరేసరికి లోపల ఐసు నీళ్లయిపోయేది. ఐసు కరిగాక ఆ మందు పిల్లలకు వేయకూడదు. వేసినా పనిచేయదు. పారబోసి, వచ్చే వారం వేస్తానని చెప్పి తిరిగి రావడమే.

1998 ఎండాకాలంలో ఎర్రమిట్టలో తట్టు పోసింది. తాయమ్మ అనే ఆవిడ మనవరాలు, ఇంకా సరిగా నడక కూడా రాని పిల్ల, దాంట్లోనే పోయింది. ఆ పిల్లకు వేయవలసిన మందును మా అక్క తన చేత్తోనే రెండుసార్లు పారబోసింది. ఆ వారమే ఇంట్లో సైకిలు మాట ఎత్తింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తిరుపతిలో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తూ సెలవులొస్తే అక్క దగ్గరికి పోవడం నాకు అలవాటు. బావ అన్నం తింటున్నాడు. అక్క మజ్జిగ పోస్తూ చెప్పింది.

"నాకొక సైకిలు కావల్ల. లేడీస్ సైకిలు, ముందర కడ్డీ లేనిది. ఎనకాల ఐసు పెట్టె కట్టుకునేదానికి క్యారియర్ ఉంటే చాలు. నా జీతంలోనే తీసుకుందాము."

అంతే అడిగింది. కడ్డీ లేనిది అని చెప్పింది. నేను చెవులారా విన్నాను. అక్కకు సైకిలు కొత్తేమీ కాదు. అక్షరాస్యత ఉద్యమం జరిగిన రోజుల్లో రాత్రి బడుల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి బడే సాహెబ్ అంగడిలో లేడీస్ సైకిలు బాడుగకు తీసుకుని నేర్చుకుంది. చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి దోపుకుని, పైట బిగించి, గంట కొట్టుకుంటూ ఆమె పోతుంటే నాకే ముచ్చటేసేది. మా బావ మజ్జిగన్నం కలుపుతూ తల పైకెత్తాడు.

"సైకిలంటే అంత సులువా యశోదా? ఎంచల్ల," అన్నాడు.

ఆ ఒక్క మాటతో మా అక్క సైకిలు ఆమె చేయి దాటిపోయింది.

ఎంచడానికి మా బావ ఒక్కడూ చాలడు. పాత బస్టాండు పక్కన టీ అంగడి ముందు ఒక బెంచీ ఉంది. ఆ బెంచీ మీద ఆయనకు ఇద్దరు సలహాదారులు. ఒకరు మునిరామయ్య, రిటైరైన డ్రిల్లు మాస్టారు. మోకాళ్ల నొప్పులతో ఆయన సైకిలు దిగి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు, కానీ సైకిళ్ల మీద అభిప్రాయాలు మాత్రం ఏమాత్రం అరగలేదు. రెండో మనిషి కిరణ్, బావకు పినతల్లి కొడుకు, తిరుపతిలో ఒక లాడ్జిలో గుమాస్తా. ఒకసారి ఆ లాడ్జిలో ఒక తెల్లదొర గేర్ల సైకిలుతో సహా దిగాడట. దాన్ని మెట్ల కింద పెట్టించింది కిరణేనట. అంత అనుభవం ఉన్నవాడు ఆ తాలూకాలో ఇంకొకడు లేడు గనక కొండ సైకిళ్ల విషయంలో అతని మాటే చెల్లింది.

"ఎర్రమిట్ట అంటే గుట్ట దారి గదన్నా. గుట్టెక్కేదానికి మామూలు సైకిలు పనికిరాదు. మౌంటెన్ బైకే కావల్ల," అన్నాడు కిరణ్.

"అదే గదప్పా నేను గూడా అంటా ఉండేది," అన్నాడు మునిరామయ్య. అంతకుముందు ఆయన ఆ పేరు విననే లేదు.

ఆ రోజుల్లో లావు టైర్లు, వంపు లేని అడ్డ హ్యాండిలు, రంగురంగుల స్టిక్కర్లు ఉన్న ఆ సైకిళ్లు కాలేజీ కుర్రాళ్లకు కొత్త మోజు. తిరుపతి గాంధీరోడ్డులో సైకిలు షాపుల ముందు వరసగా వేలాడదీసేవారు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, బీఎస్ఏ అంటూ అన్నీ చూసి, అన్నీ తొక్కి, మా బావ చివరికి రెండింటి దగ్గర ఆగాడు. ఒకటి లూధియానా కంపెనీది, ఒకటి మద్రాసు కంపెనీది. ఏవి అని పేర్లు చెప్పను. ఆ కంపెనీలు పాపం ఏం చేశాయి, మంచి సైకిళ్లు చేసి అమ్ముకుంటున్నాయి. అవి మా బావ కంట పడడమే జరిగిన తప్పు. లూధియానా సైకిలుకు అయిదు గేర్లు. మద్రాసు సైకిలుకు గేర్లు లేవు, ముందు చక్రానికి స్ప్రింగులున్నాయి. గేర్లు గొప్పవా, స్ప్రింగులు గొప్పవా? పెద్ద పెద్దవాళ్లు కూర్చుని తేల్చవలసిన సమస్య మరి.

ప్రతి ఆదివారం పొద్దున బావ తిరుపతిలో బస్సు దిగి మా ఇంటికి వచ్చేవాడు. మా అమ్మ చేసిన ఇడ్లీలు తిని గాంధీరోడ్డుకు పోయేవాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి చూసినవన్నీ నాకు అప్పజెప్పేవాడు. షాపులవాళ్లకు ఆయన అలవాటైపోయాడు. దూరం నుంచి ఆయన్ను చూడగానే ఒకడు లోపలికి పోయి పనిలో పడిపోయేవాడట. అది ఆయనే చెప్పాడు, వాడికి గిరాకీ ఎక్కువని.

"మద్రాసోళ్లకు మన ఎండలు తెల్సు ధరణీ. లూధియానావోళ్లకు యాడ తెల్సు? అయితే అదీ ఒక విధంగా మంచిదే, సలి దేశం ఇనుము గట్టిగా ఉంటాది," అన్నాడు ఒక ఆదివారం, అప్పడం విరుస్తూ.

నేను ఓపిక పట్టి అడిగాను.

"బావా, అక్క ఏమడిగింది నిన్ను?"

"సైకిలడిగింది."

"ఎట్లాంటిది అడిగింది?"

"మంచిది అడిగింది."

ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాను? చారు పోశాను.

ఆయన తప్పు పట్టడానికి వీల్లేని మనిషి, అదే ఒళ్లు మండే సంగతి. తాగడు, తిట్టడు, పెళ్లాం ఉద్యోగం చేస్తుంటే నామోషీ అనుకోడు. సైకిలు కావాలంటే వద్దనలేదు కదా, ఇంకా ఖరీదైనదే చూస్తున్నాడు కదా అని మా అమ్మ కూడా వెనకేసుకొచ్చేది. వద్దన్నా బాగుండేది. వద్దంటే మా అక్క తనే పోయి కొనుక్కునేది. ఈయన సరేనని, ఆ సరే అనే మాట మీద నెలల తరబడి కూర్చున్నాడు.

మామిడికాయలు అయిపోయాయి, వినాయక చవితి పోయింది. మా అక్క బుధవారం బుధవారం నడుస్తూనే ఉంది. ఏ వారమైనా మబ్బు పట్టి చల్లగా ఉంటే ఎర్రమిట్టలో పిల్లలకు సూదులు పడేవి. ఎండ కాస్తే మందు మట్టిపాలు. ఒకసారి నేనే, బడే సాహెబ్ దగ్గర బాడుగ సైకిలు తీసుకోరాదా అక్కా అన్నాను. ఇంట్లో సైకిలు కొంటూ ఉంటే పెళ్లానికి బాడుగ సైకిలా, టీ అంగడి దగ్గర తలెత్తుకోలేను అన్నాడట మా బావ. ఆయన తల ఎత్తుకోవడానికి మా అక్క తల వంచుకుని మిట్టెక్కేది.

ఎట్టకేలకు దసరాకు సైకిలు దిగింది. లూధియానాదే గెలిచింది. ఎందుకు గెలిచిందో మా బావ నాకు చెప్పాడు గానీ, నేను వినలేదు. లారీ మీద వేయించుకుని వస్తే గీతలు పడతాయని తిరుపతి నుంచి తనే తొక్కుకుని వచ్చాడు. వచ్చి ఒక పూట పడుకుని లేచాడు. ఆయుధ పూజ రోజుదాకా దాన్ని ఎవ్వరూ ముట్టకూడదని పాత దుప్పటి కప్పి తాళం వేశాడు. నాకు సెలవులు గనక నేనూ అక్కడే ఉన్నాను.

మా వైపు ఆయుధ పూజంటే తెలిసిందే. లారీ దగ్గర్నుంచి కొడవలి దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పడాల్సిందే. వీధి చివర చిన్న వినాయకుడి గుడి ముందు బండ్లన్నీ బారు తీరాయి. అరటి పిలకలు కట్టిన ట్రాక్టర్లు, చామంతి దండలు వేసిన మోపెడ్లు, వాటి మధ్యలో ఎర్రగా మెరిసిపోతూ మా అక్క కొండ సైకిలు. మునిరామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కిరణ్ లాడ్జికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. మా అక్క పట్టుచీర కట్టుకుని బొరుగుల పళ్లెం పట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో సంతోషం ఉంది. ఆ సంగతి చెప్పక తప్పదు. అన్ని నెలల తర్వాత వచ్చింది కదా, దుప్పటి కింద ఏముందో ఆమె ఇంకా సరిగా చూడలేదు.

దుప్పటి తీశారు. పూజారి బొట్లు పెట్టాడు, హారతి ఇచ్చాడు, గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాడు. రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి అడిగాడు.

"ఎవురి బండి ఇది?"

"మా ఇంటామెదే స్వామీ, డ్యూటీకి," అన్నాడు మా బావ, ఆ నలుగురికీ వినపడేటట్టు.

"అయితే అమ్మనే ఎక్కమను. బండి ఎవురిదో వాళ్లే నిమ్మకాయలు తొక్కించల్ల."

అక్క పళ్లెం నా చేతికిచ్చి ముందుకు పోయింది. హ్యాండిలు పట్టుకుంది. అప్పుడు చూసింది. సీటు కింద నుంచి హ్యాండిలు దాకా, నడుమెత్తున, నా మణికట్టంత లావు కడ్డీ. చీర కట్టుకున్న మనిషి దాన్ని దాటి ఎలా ఎక్కుతుంది? ఎగిరి దూకాలా? ఆమె కాలు ఎత్తనైనా ఎత్తలేదు. హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడింది.

పూజారి చూశాడు. ట్రాక్టర్లవాళ్లు చూశారు. గేర్లు ఎన్నో, చువ్వలు ఎన్నో, టైరు మీద గాట్లు ఎంత లోతో కంఠస్థం చేసిన ముగ్గురు పండితులు కూడా అప్పుడే, మొదటిసారి, ఆ కడ్డీని చూశారు. మునిరామయ్య గుడి గోపురం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు.

"మౌంటెన్ బైకుల్లో లేడీసు మోడలు రాదన్నా," అన్నాడు కిరణ్ మెల్లగా.

మా బావ అక్క వైపు తిరిగాడు. ఆయన ముఖంలో సిగ్గు కనపడుతుందని నేను ఆశపడ్డాను. నాదీ పిచ్చే.

"కడ్డీ వద్దని ముందే చెప్పుంటే సరిపోయేది గదా యశోదా," అన్నాడు.

అక్క ఆయన్ను చూసింది. హ్యాండిలు వదిలి పక్కకు జరిగింది. నాకు ఆ పళ్లెం తీసి ఆ ముగ్గురి నెత్తిన బోర్లించాలనిపించింది. బావ పంచె ఎగగట్టి, కడ్డీ మీదుగా కాలు విసిరి ఎక్కి, నిమ్మకాయలు చితక్కొట్టుకుంటూ బస్టాండు దాకా పోయి వచ్చాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. అక్క వంగి, ఎవరైనా జారి పడతారని, దారిలో పడిన గుమ్మడి ముక్కలు ఏరి పక్కన పారేసింది.

చుడీదారు వేసుకుని తొక్కు అక్కా అన్నాను ఆ సాయంత్రం. డ్యూటీకి తెల్ల చీరే కట్టాలి ధరణీ, నా సైకిలు కోసం గవర్నమెంటు రూలు మారుస్తుందా అంది. నవ్వింది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ తర్వాత బుధవారం నేనూ ఆమె వెంట ఎర్రమిట్టకు పోయాను. పెట్టె నేనే మోశాను. వానలు ఇంకా మొదలు కాలేదు, ఎండ మాడిపోతోంది. ఇసుకలో కాళ్లు కూరుకుపోయాయి. మిట్ట మీద గులకరాళ్లు చెప్పుల్లో దూరి గుచ్చుకున్నాయి. నాకు ఒక్కరోజుకే ఏడుపొచ్చింది. ఈ దారి మా బావ ఒక్కసారి కూడా నడవలేదు. టీ అంగడి బెంచీ మీద కూర్చునే దీని ఎత్తూ పల్లమూ అంతా తేల్చేశాడు.

బడి వరండాలో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లను ఇల్లిల్లూ తిరిగి పోగు చేసింది తాయమ్మ, మనవరాలిని పోగొట్టుకున్న ఆవిడే. అక్క పెట్టె మూత తీసి ఐసు ప్యాకెట్టు పట్టుకుని ఊపింది. లోపల నీళ్లు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు అర్థం ఏమిటో ఆ వరండాలో అందరికీ తెలుసు. ఒకావిడ అప్పుడే లేచి పిల్లను భుజానేసుకుంది.

"వచ్చే బుధవారం వేస్తాను తాయమ్మా," అంది అక్క.

"పోయిన వారం గూడా ఇదే మాట చెప్పినావు గదమ్మా. ఈసారి ఎవురి బిడ్డకు వచ్చి పోతాదో," అంది తాయమ్మ. కోపంగా కూడా అనలేదు.

అక్క మందు సీసాలు మళ్లీ పెట్టెలో పెట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు పెట్టె తనే మోసింది. నాకు ఆమె ముఖం చూడాలంటే భయమేసింది.

బస్సు పాత బస్టాండులో దిగాం. టీ అంగడి ముందు మా బావ నిలబడి ఉన్నాడు. సైకిలు స్టాండు వేసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ, గేరు మారినప్పుడల్లా చైను ఒక పళ్ల చక్రం మీద నుంచి ఇంకో దాని మీదికి ఎలా దూకుతుందో ఎవరికో చూపిస్తున్నాడు. మునిరామయ్య బెంచీ మీద కూర్చుని తల ఊపుతున్నాడు. మమ్మల్ని చూసి బావ పలకరించాడు.

"ఎర్రమిట్ట దారి ఎట్లుండాది యశోదా? రాళ్లు శానా ఉండాయా? ఆ రాళ్లకు ఈ టైరు సరిగ్గా సరిపోతాది సూడు."

అక్క పెట్టె నా చేతికిచ్చింది.

"తాళంచెవి ఇయ్యండి," అంది.

ఇంటికి తీసుకుపోయి దుప్పటి కప్పుతుందనుకున్నాడో ఏమో, ఇచ్చేశాడు. అక్క స్టాండు తీసి, సైకిలును నడిపించుకుంటూ ఇంటి వైపు కాకుండా ఎదురుగా బడే సాహెబ్ అంగడి వైపు పోయింది. నేను వెనకే పోయాను. కాసేపటికి అర్థమై మా బావ, ఆయన వెనక మోకాళ్లు పట్టుకుంటూ మునిరామయ్య కూడా వచ్చారు.

బడే సాహెబ్ బాడుగ సైకిళ్లవాడు. ఇన్ని నెలల ఎంపికలో మా బావ ఆయన్ను ఒక్క మాట అడగలేదు. బాడుగ సైకిళ్లవాడికి కంపెనీల సంగతి ఏం తెలుసని ఆయన లెక్క. సాహెబ్ ఒక ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూస్తున్నవాడు లేచి చేతులు తుడుచుకున్నాడు. గోడకు ఆనించి ఆ పాత లేడీస్ సైకిలు ఇంకా ఉంది. నీలం రంగు పూతల మీద పూతలు వేసి, వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో అంగడి నంబరు రాసి ఉంది.

"సాహెబ్, ఇది తీసుకో. అది నాకియ్యి," అంది అక్క.

సాహెబ్ ఎర్ర సైకిలును చూశాడు, నీలం సైకిలును చూశాడు, వెనకాల వస్తున్న మా బావను చూశాడు.

"నర్సమ్మా, మీది కొత్త గాడీ. నాది పాతది. ఇట్లా మార్చుకుంటే న్యాయం గాదు తల్లీ."

"ఇన్ని నెల్లు నేను నడిచినా గదా, అది న్యాయమా సాహెబ్?"

దానికి జవాబు చెప్పవలసినవాడు అప్పటికి రొప్పుతూ వచ్చి చేరాడు.

"యశోదా, నీకేమన్నా మతి పోయిందా? ఎండాకాలం నుంచి ఎంచినాను దీన్ని," అన్నాడు మా బావ.

"మీరు ఎంచినారు. నేను నడిచినాను. చాలు," అంది అక్క.

ఆమె గొంతు పెంచలేదు. వీధిలో అటూ ఇటూ పోయేవాళ్లు మాత్రం ఆగిపోయారు. మా బావ మునిరామయ్య వైపు చూశాడు, కనీసం ఆయనైనా తల ఊపుతాడేమోనని. మునిరామయ్య నీళ్ల తొట్టిలోకి చూస్తున్నాడు. నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను. ఏళ్ల తరబడి ఆ తల ఊపుళ్ల మీద బతికిన మనిషికి అవసరానికి ఒక్క తలా దొరకలేదు.

బడే సాహెబ్ ఊరికే తీసుకోలేదు. రెండు చక్రాలకూ కొత్త టైర్లు వేశాడు, వెనక గట్టి క్యారియర్ బిగించాడు, గంట మార్చాడు. అక్క అక్కడే నిలబడి అన్నీ వేయించుకుని, క్యారియర్ మీద ఐసు పెట్టె తాడుతో కట్టి, కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని ఎక్కి ఇంటికి పోయింది. నేనూ మా బావా నడిచి పోయాం. దారిలో ఆయన అన్నది ఒక్కటే మాట, లూధియానా కంటే మద్రాసుదే తీసుకోవలసిందేమో అని.

సెలవులు అయిపోయినా, ఇంకో వారం లీవు పెట్టి నేను అక్కడే ఆగాను. బుధవారం పొద్దున అక్క నీలం సైకిలు మీద బయలుదేరింది. బస్సు కోసం చూడక్కర్లేదు, బస్సు దారి పల్లెలు రెండూ తొందరగా ముగించి, ఇసుక వచ్చిన చోట దిగి నెట్టుకుంటూ పోయిందట. గేర్లు లేవు, స్ప్రింగులు లేవు. గులకరాళ్ల మిట్ట మీద కూడా చాలావరకు దిగి నెట్టుకుంటూనే పోయిందట. అయినా ఎండ ముదరకముందే ఎర్రమిట్ట చేరింది.

మధ్యాహ్నం బావ ఆఫీసు నుంచి భోజనానికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. అక్క వచ్చి సైకిలు గోడకు ఆనించింది. చీర అంచు నిండా ఎర్రమట్టి. ముఖం నిండా చెమట. పెట్టె దించి మూత తీసింది. మందు సీసాలు అన్నీ ఖాళీ.

"అందరికీ వేసినాను ధరణీ. పోయిన వారం లేచి పోయినామె గూడా వచ్చింది. తాయమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది," అని నాతో చెప్పింది. చెప్తూ తనూ కళ్లు తుడుచుకుంది.

మా బావ అదంతా విన్నాడు. వినలేదనడానికి వీల్లేదు. లేచి వచ్చి నీలం సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. కూర్చుని చైను పట్టి చూశాడు. మళ్లీ లేచి, ఎన్నో ఏళ్ల కిందట వీధి దీపాలు వచ్చాక కొన్న ఆ టార్చిలైటు తీసుకొచ్చి, సీటు కింద వేసి చూశాడు. పూతల మీద పూతలు గనక కంపెనీ పేరు ఎక్కడా కనపడలేదు.

"అది సరే గానీ యశోదా, ఇది ఏ కంపెనీది?" అన్నాడు.

అక్క పెట్టెలో చెయ్యి పెట్టింది. ఐసు ప్యాకెట్టు తీసి ఊపింది. చప్పుడు లేదు. ఇంకా రాయిలాగా గట్టిగా ఉంది. దాన్ని తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది కరిగే లోపల తేల్చి చెప్పండి," అని కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.